బదిలీలోపు గుణింతాలు

సూరత్‌లో బమ్రోలి, పాండేసర వైపు పవర్‌లూమ్ మగ్గాల మీద తెలుగువాళ్ళు ఎందరో పనిచేస్తున్నారు. చాలావరకు వరంగల్, నల్గొండ, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేత కుటుంబాలు. మగ్గం షిఫ్టు తరచు 12 గంటలు. అలిసి ఇంటికొచ్చిన నాన్నకు పలక పట్టించే ఓపిక ఎక్కడిది? నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులూ నడుపుతోంది. వాటిలో చేరని పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు.

మనలో తెలుగు చదవగలిగినవాళ్ళు ఆదివారం ఒక గంట వాళ్ళకు అక్షరాలు నేర్పాలని నా అభిప్రాయం. "మధ్యలో నాన్నకు బదిలీ అయితే?" అని అడుగుతారు. సరైన ప్రశ్నే. మాస్టారు సగంలో మానేస్తే పిల్లల మనసు విరుగుతుంది.

అమెరికా పీస్ కోర్ వాలంటీర్లు 1967 నుంచి సమోవా దీవులకు వెళ్ళారు. మామూలుగా రెండేళ్ళుండి, అక్కడి భాష నేర్చుకుని మరీ బడిపాఠాలు చెప్పారు. మనకు ఆ కష్టం లేదు, ఇది మన ఇంటి భాషే. గుణింతాలకు రెండేళ్ళూ అక్కర్లేదు.

కాకపోతే ఒక షరతు. మొదటి వారం నుంచే ఆ వీధి అక్కనో అన్ననో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలి. మనం వెళ్ళిపోయేవాళ్ళం, వాళ్ళు ఉండేవాళ్ళు. మన సామాను లారీ ఎక్కాక వచ్చే ఆదివారం కూడా ఆ పాఠం జరగాలి.