ఆంగ్లమున దిగులు దెలుపుట

కోట నుండి గూడూరు చేరి, అచ్చట రైలెక్కి చెన్నపట్టణపు ఆసుపత్రులకు బోవు కుటుంబములు పెక్కు గలవు. వైద్యునకు తెలుగును, మనవారికి అరవమును రానప్పుడు ఇరువురి నడుమ నిలుచునది ఆంగ్లమే. ఆ భాష యీ తీరమునకు క్రొత్తది గాదు. 1639లో చెన్నపట్టణపు స్థలము తమకు దొరకుటకు మునుపే ఇంగ్లీషు కంపెనీవారు కోట కనతిదూరమున నున్న దుగరాజపట్నమున వర్తకశాల నిలిపియుండిరి. అయినను జ్వరపు బిడ్డను ఒడిలో బెట్టుకొన్న తల్లికి కావలసినది పాండిత్యము గాదు. తన భయము నున్నదున్నట్లు తెలుపు నాలుగు మాటలు. చిక్కంతయు ఆ మాటలలోనే యున్నది గనుక ఈ మాసము వానిని గూర్చి వ్రాయుచున్నాము.

అన్నిటిలో నపాయకరమైనది 'డౌట్'. "డెంగీ యేమో యని అనుమానముగా నున్నది" అని మన మందుము. దీనిని మాటకు మాటగా మార్చి "ఐ డౌట్ ఇట్ ఈజ్ డెంగీ" అన్నచో ఇంగ్లీషువారు గ్రహించునది "డెంగీ కాదనియే నా తలంపు" అని! తల్లి చెప్పదలచినది యొకటి, చెప్పినది దానికి సరిగా విరుద్ధము. మన 'అనుమానము' ఉన్నదేమో యనుటకును జెల్లును, లేదేమో యనుటకును జెల్లును. 'డౌట్' లేదేమో యను వైపే చూచును. ఒకప్పుడు ఇంగ్లీషువారును దానిని భయపడుట యను నర్థమున వాడిరి గాని, ఆ వాడుక చాలవఱకు పోయినది. ఉన్నదేమో యను భయమునకు "ఐ సస్పెక్ట్ డెంగీ" యని గాని, "ఐ యామ్ అఫ్రెయిడ్ ఇట్ మే బి డెంగీ" యని గాని యనవలెను. మన దేశపు వైద్యులు మన యలవాటెరిగినవారగుటచే పలుమాఱు సరిగానే గ్రహింతురు. పరదేశమున కాపురమున్న కొమార్తె అచ్చటి దాదితో నిట్లన్నచో, తల్లికే యా భయము లేదని ఆమె తలపవచ్చును.

'అఫ్రెయిడ్' అను మాట వినబడినంతనే జంకవలదు. "ఐ యామ్ అఫ్రెయిడ్ ది డాక్టర్ హాజ్ లెఫ్ట్" అన్నచో, వైద్యుడు వెడలిపోయెనని మర్యాదగా చెప్పుట మాత్రమే.

'కన్సర్న్డ్' అను మాట చోటు మారిన అర్థము మార్చును. "ది డాక్టర్ కన్సర్న్డ్" అనగా ఆ పనికి సంబంధించిన వైద్యుడు. "ది డాక్టర్ ఈజ్ కన్సర్న్డ్" అనగా వైద్యునికే కలవరము కలిగినదని. మన కచేరీ కాగితములలోని "కన్సర్న్డ్ ఆఫీసర్" పరదేశీయుల చెవికి దిగులుపడిన అధికారివలె దోచును. నిజముగా అట్టి అధికారులు దొరికిన మంచిదే!

"ఐ యామ్ యాంక్షస్ టు సీ యూ" అని కుమారుడు వ్రాసిన కంట తడిపెట్ట నక్కఱలేదు, చూడవలెనని ఉవ్విళ్లూరుచున్నాడు. 'టు'కు బదులు 'అబౌట్' వచ్చినప్పుడే దిగులు.

'టెన్షన్' ఇప్పుడు తెలుగు మాటయే యైనది. అయినను ఉపాధ్యాయినికి "దేర్ ఈజ్ టెన్షన్ ఎట్ హోమ్" అని వ్రాయకుడు. పిల్లవాని పరీక్షకై మీరు పడు బెంగ ఆమెకు తెలియదు. ఇంట కలహము రేగినదని తలచును.

ఇక 'వర్రీ'. పూర్వ మీ మాటకు గొంతు నులుముట యని యర్థము. దిగులు పట్టినప్పుడు గొంతు బిగిసినట్లుండునని ఎరిగిన మనకు ఇది వింతగా దోపదు. "ఐ వర్రీ" అన్నచో నిత్యము చింతపడు స్వభావమని యర్థము. వినువాడు మిమ్ము నోదార్చును. "ఐ యామ్ వర్రీడ్" అన్నచో ఇప్పుడు, ఈ కారణమునకై యని. వినువాడు బిడ్డవైపు చూచును. వెంటనే కారణమును జెప్పవలెను: "హి హాజ్ నాట్ పాస్డ్ యూరిన్ సిన్స్ మార్నింగ్", "హిజ్ గమ్స్ ఆర్ బ్లీడింగ్". డెంగీయందు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తము ముఖ్యమైన అపాయసూచనలు. వీనిముందు వ్యాకరణదోషముల కెవ్వరును వెనుదీయరాదు.

వైద్యుడు "డోంట్ వర్రీ" యని లేచినచో, "వాట్ షుడ్ ఐ వాచ్ ఫర్?" అని యడుగుడు. ఇంటికి బోయిన పిదప ఏ గుర్తులు గనిపెట్టి చూడవలెనో చెప్పుమని దాని యర్థము. ఆ గుర్తులను అచ్చటనే తెలుగున వ్రాసికొనుడు.