తాళంచెవి ఎవరి గుప్పిట్లో?

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పొడవునా ఉన్న ఇంటర్నెట్ సెంటర్లలో చాలాచోట్ల కంప్యూటరు పక్కన ఒక నోటుబుక్కు ఉంటుంది. అందులో ఊరివారి పేర్లు, ఫోను నంబర్లు, వాటికెదురుగా పాస్‌వర్డులు. స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టిన ఇంజనీరింగు విద్యార్థిది ఒకటి, భవిష్యనిధి సొమ్ము తీసుకోదలచిన కార్మికుడిది మరొకటి. సెంటరు యజమాని దురుద్దేశంతో రాసుకున్నవి కావవి. మళ్లీ వచ్చిననాడు ‘మర్చిపోయానన్నా’ అంటారని, వారి మేలు కోరే రాసిపెట్టుకున్నాడు. కాని ఆ పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ, పక్క కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ ఊరి తాళంచెవులన్నీ అందుబాటులో ఉన్నట్లే.

నమ్మి ఇచ్చిన తాళంచెవి ఎంతదూరం పోగలదో మన మండలంలోనే తెలిసివచ్చింది. కొంగర కలాన్‌లో 2022 ఆగస్టు 25న ప్రారంభమైన జిల్లా సమీకృత కలెక్టరేటులో, కలెక్టరు డిజిటల్ సంతకాన్ని దుర్వినియోగపరచి ధరణి దరఖాస్తులను ఆమోదించారన్న వ్యవహారం 2023లో జరిగింది. దీనిపై ఆదిభట్ల పోలీసులు కేసు నమోదు చేసి కొందరిని అరెస్టు చేశారు. దోషులెవరన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినా, అధికారి సంతకం ఆపరేటరు చేతికి పోయే అలవాటు మారకపోతే రైతుకు ఒరిగేదేమీ లేదు. ఎకరం ధర కోట్లలో పలుకుతున్న ఈ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

ఇంటికీ, అంగడికీ కావలసిన మందు ఒకటి ఉంది. పాస్‌వర్డ్ మేనేజరు అంటే పాస్‌వర్డులన్నిటినీ గూఢలిపిలో దాచే బీరువా. దానిని తెరిచే ప్రధాన పాస్‌వర్డు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు, మిగిలినవాటిని ఒక్కొక్కచోటికి ఒక్కొక్కటి చొప్పున అదే కల్పించి, అదే నింపుతుంది. ఇందులో మరొక మేలు ఉంది. బ్యాంకు పేరుతో దొంగ వెబ్‌సైటు ఎదురైతే మన కన్ను మోసపోవచ్చుగాని, చిరునామా సరిపోలనందున మేనేజరు పాస్‌వర్డు నింపదు. అది నింపలేదంటే అనుమానించవలసిందే.

ఏది ఎంచుకోవాలి? ఒకే ఫోను వాడే గృహస్థుకు ఆండ్రాయిడ్ ఫోనులో గూగుల్ ఉచితంగా ఇచ్చేదే చాలు. అయితే ఫోను తెరిచే పిన్ను ఇంట్లో పిల్లలందరికీ తెలిసి ఉంటే దానివల్ల ప్రయోజనం తక్కువ. ఫోనూ, కంప్యూటరూ రెండూ వాడేవారికి బిట్‌వార్డెన్ ఉచిత పద్ధతి సరిపోతుంది, దాని ప్రోగ్రాము రాత ఎవరైనా పరిశీలించవచ్చు. పరాయి కంపెనీ వద్ద ఏదీ పెట్టననుకునేవారికి కీపాస్ ఉంది. దాని ఫైలు మన కంప్యూటరులోనే ఉంటుంది, నకలు తీసి భద్రపరచుకునే బాధ్యతా మనదే. ఆ నకలు లేక హార్డ్‌డిస్కు చెడితే ఏడ్చి లాభం లేదు.

వ్యాపారుల సంగతి వేరు, ఇదే మరింత ఆందోళనకరం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన నాటినుంచి చాలామంది దుకాణదారుల పాస్‌వర్డులు అకౌంటెంటు వద్దనే ఉన్నాయి. కొందరు రిజిస్ట్రేషను నాడు ఫోను నంబరు, ఈమెయిలు కూడా ఆయనవే ఇచ్చారు. ఆయనతో మాట తేడా వచ్చిననాడు ఓటీపీ ఆయన ఫోనుకే పోతుంది, షావుకారు తన దుకాణానికి తానే పరాయివాడవుతాడు. అప్పుడు ఆధారాలు పట్టుకుని పన్నుల అధికారి వద్దకు వెళ్లి నంబరు మార్పించుకోవలసిందే. ఆ అవసరం పడకముందే మార్పించుకోవడం వివేకం.

నలుగురు పనిచేసే చోట ఒకే పాస్‌వర్డును నలుగురికీ చెప్పడం అనర్థం. ఎవరు ఏం చేశారో తర్వాత తేలదు. బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్, మన చెన్నై కంపెనీ జోహో వారి వాల్ట్ వంటివాటిలో సిబ్బందికి జట్టు ఖాతాలుంటాయి. ఎవరికి ఏ తాళంచెవి ఇవ్వాలో యజమాని నిర్ణయించి, మనిషి మానేసిననాడు తిరిగి తీసుకోవచ్చు. అంతటితో ఊరుకోరాదు. అతడు చూసిన పాస్‌వర్డులను కూడా మార్చాలి, ఎందుకంటే రాసుకున్న కాగితాన్ని ఏ మేనేజరూ వెనక్కి తేలేదు.

గుడ్లన్నీ ఒకే బుట్టలో పెడితే ఎట్లా అని అడిగేవారున్నారు. సహేతుకమైన ప్రశ్నే. లాస్ట్‌పాస్ అనే కంపెనీ నుంచి 2022లో దొంగలు ఖాతాదారుల బీరువాల నకళ్లనే ఎత్తుకుపోయారు. వెబ్‌సైట్ల చిరునామాలు గూఢలిపిలో లేకుండానే దొరికాయి. పాస్‌వర్డులు మాత్రం గూఢలిపిలోనే ఉన్నాయి, వాటికి రక్ష ప్రధాన పాస్‌వర్డు బలమే. కనుక అది పుట్టినతేదీయో, పిల్లవాడి పేరో కారాదు. సంబంధంలేని నాలుగైదు మాటలు కూర్చితే పొడవూ వస్తుంది, గుర్తూ ఉంటుంది. దానికి తోడు రెండో తనిఖీ పెట్టుకోవాలి. ప్రధాన పాస్‌వర్డు మరిచిపోతే ఇటువంటి కంపెనీలు చాలావరకు తెరిచి ఇవ్వలేవు. ఒక కాగితంమీద రాసి, కవరులో పెట్టి, భూమి పత్రాలున్న చోటనే దాచడం మంచిది. ఇంటి పెద్దకు ఏమైనా అయితే బ్యాంకు, బీమా వివరాలకోసం భార్యాబిడ్డలు ఊరంతా తిరగవలసిన దుస్థితి తప్పుతుంది.

అధికారుల డిజిటల్ సంతకం మాత్రం ఏ మేనేజరుకూ లొంగేది కాదు. అది యూఎస్‌బీ టోకెనులో ఉంటుంది, దానికొక పిన్ను. టోకెను ఆపరేటరు సొరుగులో పడవేసి, పిన్ను కాగితంమీద అంటిస్తే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు. పరుల పాస్‌వర్డును గాని, ఎలక్ట్రానిక్ సంతకాన్ని గాని మోసపూరితంగా వాడినవారికి ఐటీ చట్టం 66సి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. శిక్ష సరే, పోయిన భూమికోసం రైతు తిరగవలసిన ఏళ్ల మాటేమిటి?

జిల్లా యంత్రాంగం ముందు తన ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఏ అధికారి టోకెను ఎవరి వద్ద ఉన్నదో కలెక్టరేటులోనూ, తహసీల్దారు కార్యాలయాల్లోనూ తనిఖీ చేయించాలి. బదిలీ అయిన రోజునే పాత సంతకం పనిచేయకుండా చూడాలి. ఇంటర్నెట్ సెంటర్లవారిని ఒకపూట పిలిచి ఆ నోటుబుక్కుల సంగతి మాట్లాడాలి. డబ్బు పోయినవారు గంటలు వృథా చేయక 1930కి ఫోను చేయాలన్న బోర్డు ప్రతి సెంటరు గోడమీదా తెలుగులో పెట్టించాలి.