గడువు పెట్టాల్సింది లైబ్రరీయే

ఫోన్‌లో టికెట్ బుక్ చేస్తుంటే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. టికెట్ వచ్చిందనీ చెప్పదు, రాలేదనీ చెప్పదు. సర్వర్ మొరాయించడం ఎక్కడైనా ఉన్నదే, దాన్ని పూర్తిగా ఆపలేం. అయితే జవాబు కోసం ఎంతసేపు చూడాలో ఎవరో ఒకరు ముందే తేల్చి ఉండాలి. ఆ బాధ్యత మొదట, ప్రోగ్రామ్ తరఫున సర్వర్‌కు అభ్యర్థన పంపి జవాబు తెచ్చే హెచ్‌టీటీపీ లైబ్రరీని రూపొందించేవారిదే. దాన్ని వాడుకునే ప్రోగ్రామర్ జ్ఞాపకశక్తికి వదిలేయడం తగదు.

పైథాన్‌లో 2011లో వచ్చిన రిక్వెస్ట్స్ లైబ్రరీ అంతకుముందు నానా తంటాలు పడి రాయాల్సిన కోడ్‌ను ఒక్క వరుసకు కుదించింది. దాని కీర్తి న్యాయమైనదే. కానీ ఆ వరుసలో గడువు రాయకపోతే, జవాబు ఎన్నటికీ రాకపోయినా ప్రోగ్రామ్ ఎదురుచూస్తూనే ఉంటుంది. అసలు వినియోగంలో దాదాపు ప్రతిచోటా గడువు పెట్టుకోమని దాని మార్గదర్శక పత్రమే చెబుతోంది. దాదాపు అందరికీ కావాల్సినదైతే అడగకుండానే ఉండాలి కదా! గో భాషలోని డిఫాల్ట్ క్లయింట్‌కూ మొత్తం అభ్యర్థనకు గడువు లేదు. పైథాన్‌కే చెందిన మరో రెండు లైబ్రరీల్లో హెచ్‌టీటీపీఎక్స్ మాత్రం ఏమీ రాయకపోయినా 5 సెకన్లు పెడుతుంది, ఏఐఓ-హెచ్‌టీటీపీ మొత్తం పనికి 5 నిమిషాలు ఇస్తుంది. అంకె ఎంతన్నది వాదించుకోవచ్చు, అసలు అంకె ఉండటమే ముఖ్యం.

అసింక్ పద్ధతిలో గడువు లేకపోవడం మరింత ప్రమాదకరం. ఒక జవాబు కోసం ఆగినంత మాత్రాన ప్రోగ్రామ్ ఆగదు, మిగతా పనులు సాగిపోతాయి. ఆ పద్ధతి గొప్పదనం అదే, ఇబ్బందీ అక్కడే. చిక్కుకుపోయిన అభ్యర్థన ఎవరి కంటా పడదు. ఆ పద్ధతిలో పనిచేయగల హెచ్‌టీటీపీఎక్స్, ఏఐఓ-హెచ్‌టీటీపీ రెండూ మామూలుగా ఒకేసారి 100 కనెక్షన్ల దాకా తెరుస్తాయి. గడువు తీసేస్తే, పలకని ఒక్క సర్వరే ఆ 100నూ ఒక్కొక్కటిగా మింగేస్తుంది. 101వ అభ్యర్థన చక్కగా పనిచేస్తున్న వేరే సర్వర్‌కు వెళ్లాల్సినదైనా లోపలే ఆగిపోతుంది. ప్రాసెసర్ ఖాళీగానే ఉంటుంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా కనిపించదు, యాప్ మాత్రం కదలదు.

గడువు ముందే పెడితే పెద్ద ఫైళ్ల డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోతుందన్న అభ్యంతరం ఉంది. మొత్తం సమయాన్ని లెక్కపెడితే అది నిజమే. కానీ హెచ్‌టీటీపీఎక్స్ లెక్కపెట్టేది డేటా రాకుండా నిలిచిపోయిన వ్యవధిని. కొంచెం కొంచెంగా వస్తున్నంతసేపు గంట పట్టినా తెంచదు. పాత లైబ్రరీల్లో ఇప్పుడు గడువు చేరిస్తే నడుస్తున్న ప్రోగ్రాములు పనిచేయకుండా పోతాయన్న మాట ఇంకా బలమైనది, దాన్ని కాదనలేం. అందుకే తొలి వెర్షన్‌లోనే ఈ నిర్ణయం జరగాలంటున్నాను. నిరవధికంగా ఆగాల్సిన అవసరం నిజంగా ఉన్నవారు ఆ మాట కోడ్‌లో రాసుకోవచ్చు, చదివేవారికీ అది తెలుస్తుంది.

గడువు దాటాక ఏం చెప్పాలన్నదీ రూపకల్పనలో భాగమే. కనెక్షనే కుదరకపోతే అభ్యర్థన అవతలికి చేరలేదన్నమాట, మళ్లీ పంపినా నష్టం లేదు. పంపాక జవాబు రాకపోతే మాత్రం సర్వర్ పని పూర్తి చేసేసి ఉండొచ్చు. అది డబ్బు చెల్లింపైతే మళ్లీ పంపడం వల్ల ఖాతాలో రెండుసార్లు కోత పడే ప్రమాదం ఉంది. హెచ్‌టీటీపీఎక్స్ ఈ రెండింటికీ వేర్వేరు ఎర్రర్ల పేర్లు పెట్టింది. రెండింటినీ ‘విఫలమైంది’ అని ఒకే గాటన కట్టే లైబ్రరీ, మళ్లీ ప్రయత్నించవచ్చో లేదో నిర్ణయించడానికి కావాల్సిన కీలక ఆధారాన్ని ప్రోగ్రామర్ చేతికి అందకుండా చేస్తోంది.