పీసీ ఆన్ కాకపోతే ఫార్మాటే దిక్కా?

2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క అప్‌డేట్ దెబ్బకి ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌తో పడిపోయాయి. రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే స్క్రీన్. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. చివరికి మందేంటంటే, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ డిలీట్ చేయడం! ఫార్మాట్ కాదు.

మన దగ్గర మాత్రం పీసీ బూట్ కాకపోతే మొదట వినిపించే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం". నాకు నచ్చనిది ఇదే. మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డు దగ్గర ఓ కమీషన్ కొట్టు సిస్టమ్ క్రాష్ అయిందనుకోండి. ట్యాలీ డేటా సి డ్రైవ్‌లోనే ఉండి బ్యాకప్ లేకపోతే, ఏ రైతుకి ఎంత ఇవ్వాలనే లెక్కంతా ఫార్మాట్‌తో పోయినట్టే. విండోస్‌దేముంది, ఎప్పుడైనా వేసుకోవచ్చు.

ముందు పెన్‌డ్రైవ్, ప్రింటర్ పీకేసి ఆన్ చేయండి. కాలేదా? విండోస్ లోడ్ అవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే రిపేర్ స్క్రీన్ వస్తుంది. అందులో స్టార్టప్ సెట్టింగ్స్‌కి వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్. క్రాష్‌కి ముందు వేసిన డ్రైవర్ తీసేస్తే చాలాసార్లు దారికొస్తుంది. రాకపోయినా, డిస్క్ బాగుంటే ఇంకో పీసీకి తగిలించి డేటా కాపీ చేసుకోవచ్చు.

చిక్కంతా బిట్‌లాకర్‌తోనే. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయిపోవచ్చు. ఇక 48 అంకెల రికవరీ కీ లేకపోతే డేటా రాదు. ఆ కీ సాధారణంగా అదే అకౌంట్‌లో ఉంటుంది, కానీ ఆ అకౌంట్ ఎవరు క్రియేట్ చేశారో కొట్టులో ఎవరికీ గుర్తుండదు! సెటప్ చేసినవాళ్లే కీ కాగితం మీద రాసివ్వాలి. ఇవ్వకపోతే డబ్బులిచ్చే ముందే అడగండి.