గోటిలో మందుంటుందా?

విద్యార్థులారా! "అలుగు అంటే ఏమిటి?" అని మొన్న తొమ్మిదో తరగతిలో అడిగాను. "చెరువు నిండితే పారేది సార్!" అన్నారు అందరూ. తప్పు కాదు. కాని అదే పేరుగల జంతువు ఒకటి మన తెలంగాణ అడవుల్లో ఉన్నదని ఒక్కరూ చెప్పలేదు. దక్షిణ అమెరికాలో చీమలు తినే జెయింట్ యాంట్‌ఈటర్ బొమ్మను మాత్రం వెంటనే గుర్తుపట్టారు!

ఈ రెండింటికీ పళ్లు లేవు. పుట్టలు తవ్వే బలమైన గోళ్లు, పొడవైన జిగట నాలుక రెండింటికీ ఉన్నాయి. అయినా ఇవి చుట్టాలు కావు. యాంట్‌ఈటర్ ఒంటినిండా వెంట్రుకలు, అలుగుకు పొలుసులు. అలుగుకు దగ్గరి బంధువులు కుక్క, పిల్లి జాతులే! ఒకే తిండికోసం ప్రకృతి రెండుచోట్ల ఒకేరకం పనిముట్లు తయారుచేసిందన్నమాట. నమలలేని అలుగు చిన్న చిన్న రాళ్లు మింగుతుంది. కోడి కందనకాయలోవలెనే దాని కడుపులో తిండి నలుగుతుంది.

జగిత్యాల మామిడితోటల్లో చెట్ల మొదళ్లకు మట్టిపొర కట్టే చెదలను మీరు చూసే ఉంటారు. చెదలు, చీమలే అలుగు ఆహారం. రాత్రిపూట వచ్చి, కూలి అడగకుండా పనిచేసిపోయే రైతు నేస్తం అది.

భయపడితే అలుగు బంతిలా చుట్టుకుంటుంది. ఆ పొలుసులమీద చిరుతపులి పళ్లు కూడా దిగడం కష్టం. కాని కదలని బంతిని గోనెసంచిలో వేసుకోవడం మనిషికెంత పని? సాధారణంగా కాన్పుకు ఒకే పిల్ల. పోయినవాటి లోటు త్వరగా తీరదు.

చిన్నప్పుడు నా మెడలోనూ అలుగు పొలుసు తాయెత్తు ఉండేది. జ్వరాలు మాత్రం మానలేదు! పొలుసు అంటే కెరటిన్. మన గోళ్లలో ఉండేదీ అదే. అయినా మందు పేరిట వేట సాగుతూనే ఉన్నది. మన 1972 వన్యప్రాణి రక్షణ చట్టం అలుగును మొదటి షెడ్యూల్లో చేర్చింది. 2016లో ప్రపంచదేశాలు దాని వ్యాపారాన్ని నిషేధించాయి. 2020లో చైనా తన అధికారిక మందుల గ్రంథంనుండి ఈ పొలుసులను తీసివేసింది.

చట్టం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. సైన్సు చదివేది మార్కులకోసమేనా? కోరుట్లలోగాని, సిరిసిల్లలోగాని, మీ ఊరి గుట్టమీదగాని అలుగు కనిపిస్తే చుట్టూ మూగకండి, ముట్టుకోకండి, అటవీశాఖవారికి చెప్పండి. పొలుసులో మందున్నదని ఎవరైనా అంటే, మీ గోరు చూపించి అడగండి: "మరి ఇందులో ఉన్నదా?"