వేరు కుంపటి

గత చలికాలంలో ఒక ఆదివారం సాయంత్రం ఆసిఫాబాద్‌లోని మా మిద్దె మీద రెండు కుంపట్లు వెలిగించాం. సీకులు కాల్చుకోవడం కోసం. సీకు అన్నా చీకు అన్నా ఒకటే. పారసీ 'సీఖ్' ఉర్దూ మీదుగా మన నోటికి వచ్చి తెలుగు మాటయింది. ఒకప్పుడు కల్లు దుకాణాల ముందూ, సందు మొగల్లో బండ్ల మీదా కనిపించిన ఈ తిండి ఇప్పుడు ఇళ్లలోకి వచ్చింది. డజను ఇనుప చువ్వలు, ఒక కుంపటి, గంపెడు బొగ్గులు ఉంటే చాలు, పిల్లలకు అది పండుగే. ఆ పండుగ పూట నా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి గురించి ఈ వ్యాసం. చిన్నదని అనుకున్నందుకే ఇన్నాళ్లూ రాయలేదు.

పిలిచింది మా అబ్బాయి డిగ్రీ స్నేహితులను. నాతో కలిసి పనిచేసిన ఒక శాకాహారి ఉపాధ్యాయ మిత్రుణ్ణి కూడా కుటుంబంతో రమ్మన్నాం. ఆయన కోసం కొత్త కుంపటి, కొత్త చువ్వలు కొన్నాం. కొత్తవే అయినా మా అమ్మ వాటిని చింతపండు పెట్టి మరోసారి తోమింది. "సారు మన ఇంట్ల తింటుండు, తక్కువ కావద్దు" అంది. ఆ మాటలో ఎంత గర్వం ఉందో నాకు తెలుసు. మాది గొర్లు మేపిన కులం. మా తాత తరం వాళ్లు దొర గడీ ముందు చెప్పులు విడిచి చేతపట్టుకొని నడిచినవాళ్లు. అలాంటి ఇంటికి పై కులపు అతిథి వచ్చి భోంచేయడం మా అమ్మ కళ్లలో ఒక చరిత్ర తిరగబడటమే.

పిల్లల్లో ఒకడు మాదిగ ఇంటివాడు. రెండేళ్లుగా మా ఇంటికి వస్తున్నాడు, మా అమ్మను నానమ్మా అని పిలుస్తాడు. ఆ సాయంత్రం స్టీలు డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. "మా అమ్మ మసాల పట్టిచ్చి పంపింది నానమ్మా, ఇవి గూడ గుచ్చుదాం" అన్నాడు. "ఏం కూర బిడ్డా?" అని అమ్మ అడిగింది. "పెద్దకూర నానమ్మా" అని అంతే మామూలుగా చెప్పాడు. అమ్మ ఒక క్షణం ఆగింది. "గా చువ్వలకు గుచ్చకు బిడ్డా. ఇంకోసారి వేరే కుంపటి తెచ్చినప్పుడు చూద్దాం" అంది. కోపంగా అనలేదు, ప్రేమగానే అంది. పిల్లవాడు మూత మళ్లీ బిగించాడు. "సరే నానమ్మా" అన్నాడు. రెండు ఉల్లిగడ్డ ముక్కలు తిన్నాననిపించి, ఏదో పని ఉందని చెప్పి అందరికంటే ముందు మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నేను అక్కడే ఉన్నాను. విసనకర్రతో నిప్పులు విసురుతున్నాను. రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని పాతికేళ్లుగా తరగతి గదిలో చెబుతున్నవాణ్ణి, ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ రాత్రి నన్ను నేను సమర్థించుకోవడానికి వంటశాస్త్రాన్ని అడ్డు పెట్టుకున్నాను. మాంసాన్నీ కూరగాయలనూ వేరువేరు సీకులకు గుచ్చడం మంచి పద్ధతే. అంగుళం ముక్కలుగా కోసి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, గడ్డ పెరుగు పట్టించిన యాట మాంసం మూడు నాలుగు గంటలు నానాలి. పచ్చి బొప్పాయి గుజ్జు కొద్దిగా కలిపితే అందులోని పపైన్ మాంసపు పీచును మెత్తబరుస్తుంది. ఎక్కువైతే ముక్క చువ్వ మీద నిలవకుండా పిండిలా రాలిపోతుంది. మంట మీద కాదు, పైన బూడిద పూత పట్టిన నిప్పుల సెగ మీద, తిప్పుతూ కాల్చాలి. ఉల్లిగడ్డ, టమాట, పెద్ద మిరప కొన్ని నిమిషాల్లోనే మగ్గుతాయి. యాట ముక్కకు అంతకు రెండు మూడింతల సమయం కావాలి. ఒకే సీకుకు గుచ్చితే ఒకటి మాడుతుంది, ఒకటి పచ్చిగా మిగులుతుంది. కనుక వేరు సీకుకు కారణం ఉంది.

కానీ ఆ పిల్లవాడి డబ్బాలో ఉన్నది మాంసమే. యాట మాంసంతో పాటు కాలేదే. అక్కడ నిప్పుకు అభ్యంతరం లేదు, చువ్వకు అభ్యంతరం లేదు. అభ్యంతరం మాకే ఉంది. ఇనుప చువ్వ నిప్పుల్లో ఎర్రగా కాలితే దేని మచ్చా దానికి మిగలదు. మిగిలేది మనసులోని మైల ఒక్కటే.

ఆహారం గురించి మన చర్చలు ఎప్పుడూ శాకాహారం, మాంసాహారం అనే రెండు గడుల్లోనే సాగుతాయి. ఆ గీత తెలంగాణకు అసలు సరిపోదు. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో జరిపిన నమూనా సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో 98 శాతానికి పైగా మాంసాహారులే. మరి ఇంతమంది తినేవాళ్లున్న చోట తిండి పేరిట వివక్ష ఎలా బతుకుతోంది? గీత మాంసం లోపలే గీశారు కనుక. యాట కూర మర్యాద, బోటి అంతకు ఒక మెట్టు కింద, పెద్దకూర ఊరి బయట, పంది మాంసం ఇంకా అవతల. పెద్దకూర అనే మాటే చూడండి. పశువు పేరు పలకకుండా చాటుగా చెప్పుకోవలసిన అవసరం ఎవరికి వచ్చింది, ఎవరి ముందు వచ్చింది? డాక్టర్ అంబేడ్కర్ శ్రేణీకృత అసమానత అన్నది దీన్నే. ఇందులో ప్రతి మెట్టు మీద ఉన్నవాడికీ కింద ఒకడు కనిపిస్తాడు. కాబట్టి పై మెట్టును కూల్చాలన్న కోరిక కంటే తన మెట్టును కాపాడుకోవాలన్న యావే ఎక్కువ. అంటరానితనానికీ పశుమాంసానికీ ఉన్న చారిత్రక సంబంధాన్ని ఆయన 1948 నాటి 'ది అన్‌టచబుల్స్' గ్రంథంలో విపులంగా చర్చించారు. ఆ పుస్తకం నా అలమారలో ఉంది. ఆ సాయంత్రం దానికీ మా మిద్దెకూ మధ్య పన్నెండు మెట్ల దూరం.

కాల్చిన మాంసం నీచమైన తిండి అన్న భావనకు గ్రంథాల బలం కూడా లేదు. అమరకోశంలో శూలాకృతం, భటిత్రం, శూల్యం అనే మాటలున్నాయి. మూడింటి అర్థమూ శూలానికి గుచ్చి కాల్చిన మాంసమే. సంస్కృత నిఘంటువు మూడు పేర్లు పెట్టుకొని పిలిచిందంటే అది ఎంత పరిచితమైన వంటకమో ఊహించవచ్చు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడో సోమేశ్వరుడు కూర్చిన 'మానసోల్లాసం' రాజభోజన ప్రకరణంలో చువ్వలకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన మాంసం ముచ్చట ఉంది. రాజు తింటే శూల్యం, నవాబు తింటే కబాబ్, దళితవాడ పిల్లవాడు డబ్బాలో తెస్తే వేరే కుంపటి. వంటకం మారలేదు, తినే చేయి మారింది.

ఒక సీకు తయారు కావడానికి ఎన్ని చేతులు కావాలో మా ప్రాంతంలో నిలబడి లెక్కపెడితే తెలుస్తుంది. జీవాన్ని మేపేది గొల్ల కురుమలు. కోసేది ఆరెకటికలు లేదా ఖురేషీలు. చువ్వను సాగగొట్టేది కమ్మరి. వెదురు పుల్ల అయితే చీల్చేది మేదరి. కూరగాయలు పండించేవాళ్లలో మా జిల్లా మాలీలున్నారు. ఒలిచిన తోలును చెప్పుగా, డప్పుగా మార్చిన విద్య మాదిగలది. వెదురు పెరిగిన అడవి గోండులు, కోలాములు కాపాడుకున్నది. ఆ అడవి మీద హక్కు కోసమే కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. 2016లో ఏర్పడిన మా జిల్లా ఆయన పేరే పెట్టుకుంది. ఇన్ని కులాల శ్రమ ఒకే చువ్వ మీద కలవడానికి ఏ అడ్డూ లేదు. ఆ శ్రమ చేసిన వాళ్ల తిండి మాత్రం ఒకే చువ్వ మీద కలవకూడదు!

ఇక్కడ కొందరు చట్టం మాట ఎత్తవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1977 చట్టం గోవధను నిషేధించింది. వయసుడిగి పనికీ పాడికీ పనికిరావని అధికారి ధ్రువీకరించిన ఎద్దులు, దున్నల వంటి పశువుల వధను అది అనుమతించింది. ఆ డబ్బాలో ఉన్నది దున్న మాంసం. చట్టానికి లేని అభ్యంతరం మా ఇంటికి ఉంది. అయినా నా ప్రశ్న చట్టం గురించి కాదు. మిద్దె మీద మేం ఆ పూట పాటించినది ఏ చట్టపుస్తకంలోనూ రాసిలేని చట్టం.

"ఎవరి తిండి వారిష్టం, ఇష్టం లేనిది మా పొయ్యి మీద పెట్టమని బలవంతం చేస్తారా?" అని మరో ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. తినకపోవడం ఎవరికైనా ఉన్న హక్కు. మా అమ్మను పెద్దకూర తినమని ఎవరూ అడగలేదు. ఆ పిల్లవాడు కూడా అడగలేదు. కానీ అదే సాయంత్రం మేం రెండు వేర్పాటులు పాటించాం. ఉపాధ్యాయ మిత్రుడి కోసం పెట్టిన వేరు కుంపటి మర్యాద. మాదిగ పిల్లవాడి కోసం 'ఇంకోసారి' తెస్తామన్న వేరు కుంపటి అవమానం. పై కులం వేరుగా ఉంటానంటే కొత్త గిన్నెలు కొనిస్తాం. కింది కులాన్ని మనమే వేరు చేసి మూత పెట్టుకోమంటాం. రెండూ రుచికి సంబంధించిన విషయాలే అయితే రెండింటికీ ఒకే మర్యాద దక్కాలి. దక్కలేదంటే అది రుచి కాదు, కులం. చిత్రమేమిటంటే ఆ మిత్రుడు మా మాంసపు కుంపటి పక్కనే కూర్చొని హాయిగా కబుర్లు చెబుతూ తిన్నారు. ఆయనకు లేని పట్టింపు మాకు వచ్చింది.

సహపంక్తి భోజనాలు కులాన్ని చంపలేకపోయాయని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పారు. ఎందుకు చంపలేకపోయాయో నాకు ఆ మిద్దె మీద కొంత అర్థమైంది. మన పంక్తిలో వాళ్లు కూర్చొని మన వంట తింటే సమానత్వం వచ్చిందని మనం పొంగిపోతున్నాం. వాళ్ల వంట మన పొయ్యి దాకా వస్తే మాత్రం ముఖం మాడ్చుకుంటున్నాం. రెండేళ్లుగా ఆ పిల్లవాడు మా ఇంట్లో తింటున్నాడు కదా అన్నది ఇంతకాలం నా గొప్ప. వాళ్ల అమ్మ చేతి వంటను మేం ఒక్కసారీ తినలేదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఒకవైపే నడిచే సహపంక్తి దయ అవుతుంది కానీ సమానత్వం కాదు.

కేరళలో సహోదరన్ అయ్యప్పన్ 1917లో చెరాయిలో మిశ్రభోజనం ఏర్పాటు చేశాడు. ఆయన ఈళవ కులస్థుడు. పులయలతో కలిసి తిన్నందుకు ఆయనను వెలివేసింది అగ్రవర్ణాలు కాదు, ఆయన సొంత కులమే. 'పులయన్ అయ్యప్పన్' అని ఎగతాళి చేస్తే దాన్నే బిరుదుగా స్వీకరించాడు. వెనుకబడిన కులాల నుంచి వచ్చిన నాలాంటి చదువరులకు ఆ ఉదంతంలో పాఠం ఉంది. బ్రాహ్మణీయ భావజాలం గురించి మనం సభల్లో చక్కగా మాట్లాడతాం. మన అమ్మతో, మన అక్కాచెల్లెళ్లతో, మన వంటింట్లో మాట్లాడటమే కష్టం. బహుజన ఐక్యత అనే మాట వేదికల మీద ఎంత గట్టిగా వినిపించినా, అది మన కుంపటి దగ్గర వినిపించకపోతే మాటగానే మిగులుతుంది.

తర్వాత ఒక రోజు అమ్మతో మాట్లాడాను. వాదించలేదు. గడీ ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచిన తాతను గుర్తు చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. "నేనైతే తినను" అంది చివరికి. "తినొద్దమ్మా" అన్నాను. "మరి గుచ్చుకోనియ్యి, నాదేం పోయింది" అంది. పెద్ద మార్పేమీ కాదు. కానీ ఎనభై ఏళ్ల మనిషి వేసిన అడుగు అది. యాభై దాటిన నేను ఆ సాయంత్రం వేయలేకపోయిన అడుగు.

ఆ పిల్లవాడు మాత్రం ఇంకా రాలేదు. దారిలో కనిపించి పిలిస్తే "పరీక్షలున్నాయి సార్" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. మా తాత గడీ ముందు నవ్వి ఉంటాడు అలా. ఈ ఆదివారం నేనే వాళ్ల ఇంటికి వెళ్లి, వాళ్ల అమ్మగారిని అడుగుతాను, ఆ మసాలా ఏమి కలిపారో చెప్పమని. మా చువ్వలు నాతో తీసుకెళతాను. కుంపటి వాళ్లదే వెలగనివ్వాలి.