ఉప్పుగాలిలో నిలబడే ఫ్లై రీల్ ఏది? స్పెక్స్ పక్కన పెట్టి స్క్రూలు చూడండి

రీల్ అనగానే మీ బొటనవేలు స్క్రోల్ చేయడానికి రెడీ అయిపోయి ఉంటుంది. ఇది ఆ రీల్ కాదు. చేపల గాలానికి దారం చుట్టి పెట్టుకునే రీల్. ఫోన్లు, ఇయర్‌బడ్స్ మధ్యలో ఇదెందుకు అంటారా? అల్యూమినియం గ్రేడ్, సీలింగ్, సర్వీస్, పెట్టిన డబ్బుకు విలువ... మనం ఫోన్ల గురించి రోజూ కొట్టుకునే వాదనలన్నీ ఈ అరచేతంత వస్తువులో ఉన్నాయి. కాకపోతే ఇక్కడ తీర్పు బెంచ్‌మార్క్ యాప్ చెప్పదు, ఉప్పునీళ్లు చెబుతాయి.

నా టెస్ట్ గ్రౌండ్ భావనపాడు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో ఉన్న మత్స్యకార గ్రామం. ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు ఉప్పుటేరు. టెక్కలి నుంచి వెళ్తుంటే నౌపడా ఉప్పు మడులు కనిపిస్తాయి. వాటిని చూస్తేనే తెలిసిపోతుంది, అక్కడి గాలి ఇనుముకి ఏం చేస్తుందో. బైక్ చైను, కిటికీ ఊచ, ఫోన్ ఛార్జింగ్ పోర్టు, దేన్నీ వదలదు. గాడ్జెట్ కంపెనీలు లక్షలు పోసి సాల్ట్ స్ప్రే ఛాంబర్లలో చేయించే పరీక్ష ఇక్కడ ఫ్రీగా, 24 గంటలూ జరుగుతూనే ఉంటుంది.

ముందు ఫ్లై ఫిషింగ్ అంటే ఏంటో రెండు ముక్కల్లో. మామూలు గాలంలో సీసం గుండు బరువుకి దారం వెనకాల వెళ్తుంది. ఫ్లై గాలంలో ఎర అంటే ఈకలు, దారాలు, కాస్త మెరుపు రేకు చుట్టిన కొక్కెం. దానికి బరువే ఉండదు. అందుకని బరువు దారంలోనే పెట్టారు. దాదాపు 30 మీటర్ల లావుపాటి పూత దారం, దాన్ని కర్రతో గాల్లో ముందుకీ వెనక్కీ ఊపి వదలాలి. ఆ దారం వెనకాల రీల్‌లో ఇంకో వంద, రెండొందల మీటర్ల సన్నటి బ్యాకింగ్ ఉంటుంది. చిన్న చేపైతే చేత్తోనే లాగేస్తాం. పెద్ద పండుగప్పో, పారో తగిలి పరుగందుకున్నప్పుడు మాత్రమే రీల్‌కి నిజంగా పని పడుతుంది.

ఫ్లై రీల్‌లో హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూల్ కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది. మామూలు స్పిన్నింగ్ రీల్‌లో అదే ఒక్క చుట్టుకి రోటర్ ఐదారు చుట్లు తిరుగుతుంది, మధ్యలో గేర్లు ఉంటాయి కాబట్టి. ఫ్లై రీల్‌లో గేర్లు లేవు. ఏటిగట్టున వల బాగుచేసుకుంటున్న ఒక తాత నా రీల్ చూసి, "ఏటి బాబూ, ఇది గాలిపటం చరకాలాగుంది" అన్నాడు. "అదే తాతా, కాస్త ఖరీదైన చరకా" అన్నాను. నిజానికి ఇంతకంటే మంచి డెఫినిషన్ నేను ఏ రివ్యూలోనూ చదవలేదు.

ఇంత సింపుల్ వస్తువుని 150 ఏళ్లుగా జనం మెరుగుపరుస్తూనే ఉన్నారు. అమెరికాలో చార్లెస్ ఆర్విస్ 1874లో పేటెంట్ తీసుకున్న రీల్‌కి రెండు పలకల నిండా చిల్లులు. స్టైల్ కోసం కాదు. అప్పట్లో దారం పట్టుది, తడిగా ఉంటే కుళ్లిపోతుంది. చిల్లుల వల్ల ఆరుతుంది, బరువూ తగ్గుతుంది. ఈనాటి ఫ్లై రీల్ కూడా చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది. మన ఫోన్ డిజైన్లలో ఏది ఇన్నేళ్లు నిలబడుతుందో మీరే ఆలోచించండి.

తర్వాతది హార్డీ పర్‌ఫెక్ట్. ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్‌లో హార్డీ సోదరులు 1890లలో తెచ్చారు. సైకిళ్లలో బాల్ బేరింగులు కొత్తగా వస్తున్న రోజుల్లో వీళ్లు వాటిని రీల్‌లో పెట్టేశారు. దారం వెళ్తుంటే టకటకమని ఒక చప్పుడు. ఆ చప్పుడు కోసమే డబ్బు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మెకానికల్ కీబోర్డు పిచ్చి ఉన్నవాళ్లకి ఈ బాధ అర్థమవుతుంది. బ్రిటిష్ దొరలు మహసీర్ చేపల కోసం ఇలాంటి సామాను ఇండియాకి తెచ్చుకునేవాళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీ అధికారి హెన్రీ సలివన్ థామస్ అయితే 1873లోనే ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అని పుస్తకమే రాశాడు. అప్పుడు మన టెక్కలి ప్రాంతం కూడా అదే ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది.

క్లాసిక్స్‌లో నా ఓటు మాత్రం పర్‌ఫెక్ట్‌కి కాదు, ఫ్లూగర్ మెడలిస్ట్‌కి. 1930ల నుంచి దశాబ్దాలపాటు అమెరికాలో సామాన్యుడి రీల్ ఇదే. అందంగా ఉండదు. డ్రాగ్, అంటే చేప లాగేటప్పుడు స్పూల్‌ని పట్టి ఉంచే బ్రేకు, అంతంత మాత్రమే. కానీ రెండు పలకల్ని కలిపే స్తంభాలు స్క్రూలతో బిగించి ఉంటాయి. చిన్న స్క్రూడ్రైవర్ ఉంటే మొత్తం విప్పొచ్చు. ఉప్పునీటి కోసం చేసింది కాదు, ఒప్పుకుంటాను. కానీ విప్పి మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, గ్రీజు రాస్తే మళ్లీ తిరుగుతుంది. నా దృష్టిలో ఒక వస్తువుకి ఇంతకు మించిన ఫీచర్ లేదు.

ఇక్కడ బాక్స్ మీద అంకెల సంగతి మాట్లాడుకోవాలి. ఆన్‌లైన్‌లో చవక స్పిన్నింగ్ రీల్ చూడండి, ‘13+1 బేరింగులు’ అని పెద్ద అక్షరాలు. ఇది 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా కలిపేసి ‘క్వాడ్ కెమెరా’ అని అమ్మడం లాంటిదే. ఉప్పుగాలిలో ప్రతి చవక బేరింగూ తుప్పు పట్టడానికి ఒక కొత్త చోటు. అలాగే ‘మ్యాక్స్ డ్రాగ్ 15 కిలోలు’. ఉప్పుటేటిలో వాడే ఫ్లై గాలంలో కొక్కేనికి కట్టే చివరి దారం ఏడెనిమిది కిలోల దగ్గరే పుటుక్కుమంటుంది. మిగతా బ్రేకు ఎవరి కోసం? చూడాల్సింది ఎంత గట్టిగా పడుతుందని కాదు, కుదుపు లేకుండా ఎంత మెత్తగా మొదలవుతుందని.

మోడ్రన్ రీళ్లలో నిజంగా బాగుపడినవి రెండు. ఒకటి మెటీరియల్. 6061 గ్రేడ్ అల్యూమినియం కడ్డీ నుంచి మెషీన్ మీద చెక్కి, పైన అనోడైజ్ చేస్తారు. ఆ పూత ఉన్నంతకాలం ఉప్పు ఏమీ చేయలేదు. కానీ స్టీల్ స్క్రూ, అల్యూమినియం కలిసే చోట ఉప్పునీరు చేరిందంటే రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, తినుకుపోయేది అల్యూమినియమే. అందుకే రివ్యూలో నేను ముందు చూసేది స్క్రూ చుట్టూ ఉండే తెల్లటి పొడి. రెండోది లార్జ్ ఆర్బర్, అంటే స్పూల్ మధ్య భాగం లావుగా చేయడం. ఒక్కో చుట్టుకి ఎక్కువ దారం వస్తుంది. చేప దారం లాక్కెళ్లినా స్పూల్ మీది చుట్ట మరీ సన్నబడదు కాబట్టి బ్రేకు పట్టు కూడా పెద్దగా మారదు. ఇది మార్కెటింగ్ కాదు, ఫిజిక్స్.

డ్రాగ్ విషయానికొస్తే ఇప్పుడు రెండు పార్టీలున్నాయి. ఒకటి సీల్డ్. లామ్సన్ వాళ్లది శంకువు ఆకారంలో ఉండే సీల్డ్ డ్రాగ్, నీళ్లు, ఇసుక లోపలికి పోవు, మెయింటెనెన్స్ దాదాపు సున్నా. రెండోది ఫ్లోరిడాలో టెడ్ యురాసిక్ మొదలుపెట్టిన టైబర్ తరహా. పెద్ద కార్క్ డిస్క్, స్పూల్ తీస్తే లోపలున్నదంతా కళ్లముందే. అప్పుడప్పుడు కార్క్‌కి గ్రీజు పెట్టాలి, వాడనప్పుడు డ్రాగ్ లూజ్ చేసి ఉంచాలి. ధర మన ఫ్లాగ్‌షిప్ ఫోన్ల లెవెల్. అయినా నా ఫేవరెట్ మోడ్రన్ డిజైన్ అదే.

సీల్డ్ మీద నాకు పగేమీ లేదు. నా అభ్యంతరమల్లా సీల్ పోయిన తర్వాత ఏంటన్నదే. ఫోన్‌కి ఐపీ68 అంటే మంచినీళ్లలో చేసిన పరీక్ష, సముద్రం గురించి అది ఏమీ చెప్పదు. కాలం గడిచేకొద్దీ ఆ రక్షణ తగ్గవచ్చని కంపెనీలే చిన్న అక్షరాల్లో రాసుకుంటాయి. రీళ్ల సీల్ కూడా రబ్బరే కదా. నా సీల్డ్ రీల్ ఒకటి, ప్రతి ట్రిప్ తర్వాత మంచినీళ్లతో కడిగినదే, రెండో ఏడాది బిగుసుకుపోయింది. బ్రాండ్ పేరు అనవసరం. పార్ట్ విడిగా అమ్మం, కొత్తది కొంటే డిస్కౌంట్ ఇస్తాం అన్నారు. లోపల పాడైంది బహుశా ఒక చిన్న రింగు. దాని కోసం ఒక మంచి అల్యూమినియం ముక్క అల్మారాలో పేపర్‌వెయిట్‌గా ఉంది.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. ఫోన్లు, వాహనాలు, వ్యవసాయ పరికరాలు, ఇంట్లో వాడే ఉపకరణాలు అందులో ఉన్నాయి. రీళ్లు ఎవరికీ పట్టలేదు, సరే. కానీ భావనపాడు లాంటి చోట ఈ గొడవ నాలాంటి సరదా గాలంగాడిది మాత్రమే కాదు. పడవ మీద జీపీఎస్, ఫోన్ అన్నీ ఇదే ఉప్పులో బతకాలి. నా రీల్ బిగుసుకుంటే ఒక ఆదివారం పోతుంది. వేటకెళ్లే మనిషి పరికరం బిగుసుకుంటే ఆ రోజు సంపాదన పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఎలాగూ మరపడవల వేట నిషేధం. మిగిలిన రోజుల్లో ఒక్కటి పోయినా లెక్కే. విప్పగలిగే వస్తువు కావాలని నేను అనేది పాతకాలం మీద మోజుతో కాదు.

ఒక మాట, ఫ్లై సామాను ఉప్పుటేటి వైపే పనికొస్తుంది. బీచ్ వైపు సముద్రపు గాలికి ఆ తేలిక దారం మీ ముఖానికే చుట్టుకుంటుంది. అక్కడికి నా సలహా ఆస్ట్రేలియా ఆల్వీ. బ్రిస్బేన్‌లో 1920లో మొదలైన కంపెనీ. పెద్ద చక్రం లాంటి స్పూల్, విసిరేటప్పుడు పక్కకి తిప్పుతాం, చుట్టేటప్పుడు మళ్లీ సరి చేస్తాం. ఇదీ గేర్లు లేని రకమే, ఇసుక పడితే నీళ్లలో ముంచి తీయడమే. ఇంకో చివర షిమానో డీసీ రీళ్లు. లోపల చిప్ ఉంటుంది, బ్యాటరీ ఉండదు. తిరిగే స్పూలే కరెంటు పుట్టించి ఆ చిప్‌తో బ్రేకు వేయిస్తుంది. టెక్నాలజీగా చూస్తే నాకు నోరు తెరుచుకుంటుంది. అందులో ఒక సిరీస్ పేరు కలకత్తా కాంక్వెస్ట్, జపాన్ కంపెనీకి మన ఊరి పేరు! ఆడుకోవడానికి ఇస్తే వద్దనను. భావనపాడులో సొంత డబ్బుతో కొనమంటే కొనను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా లెక్క ఇది. ఉప్పుటేటికి 8 లేదా 9 వెయిట్ కర్ర, అనోడైజ్ చేసిన లార్జ్ ఆర్బర్ రీల్. కొనేముందు అమ్మేవాణ్ణి రెండు ప్రశ్నలు అడగండి: డ్రాగ్ వాషర్ విడిగా దొరుకుతుందా, నా చేతులతో విప్పితే వారంటీ పోతుందా? తడబడితే ముందుకెళ్లిపోండి. అసలు బడ్జెట్టే లేదా, ఖాళీ ప్లాస్టిక్ సీసాకి గాలం తాడు చుట్టి పట్టేవాళ్లు మన తీరంలో కావలసినంత మంది ఉన్నారు. వాళ్ల పక్కన కూర్చుని ఒక సాయంత్రం చూడండి. ఆ సీసాకి బేరింగులు సున్నా, సర్వీస్ సెంటర్ అక్కర్లేదు, మాగ చేపలు మాత్రం నాకంటే వాళ్లకే ఎక్కువ పడుతున్నాయి.